పెంకుల కింద తేనెపట్టు: ఈగల్ని తరిమితే సగం పనే

మీ సంగతి నాకు అర్థమైనంతవరకు ఇదీ. కోనసీమలో మీ పాత పెంకుటిల్లు. పడమటి గదికి పైన పెంకులు, కింద చెక్క సీలింగు, మధ్యలో మూరెడు ఖాళీ. సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకు చూరు కింద ఈగలు చేరాయి. ఇప్పుడు ఉగాది కూడా దాటింది. రాత్రి ఆ గదిలో ట్యూబ్‌లైటు చుట్టూ పదీ పదిహేను ఈగలు తిరుగుతున్నాయి, సీలింగు చెక్క మీద అరచేతంత గోధుమరంగు మరక కనబడింది. ఇంట్లో అమ్మగారు ఒక్కరే ఉంటారు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు మందు కొట్టడానికి 2,500 అడిగారు. పక్కింటాయన రాత్రి కాగడా పెట్టేస్తే పీడ పోతుందన్నారు. హైదరాబాదులో ఉన్న మీకు ఏం చేయించాలో తోచక టెన్షన్.

మందూ వద్దు, కాగడా అసలే వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఈ రాత్రికి చేయాల్సిన పని ఒకటుంది.

అమ్మగారికి ఫోన్ చేసి ఆ గదిలో లైటు వెయ్యొద్దని చెప్పండి. వెలుతురు సీలింగు సందుల్లోంచి పైకి పోతుంది, ఈగలు దాన్ని పట్టుకుని కిందికి దిగుతాయి. దిగినవి తిరిగి పైకి పోలేక లైటుకే కొట్టుకుని పొద్దున్నకి నేల మీద పడి ఉంటాయి. చావబోయే ఈగ మీద కాలు వేసినా ముల్లు దిగుతుంది కాబట్టి ఆ గదిలోకి చెప్పులు లేకుండా వెళ్లకూడదు. చెక్కల మధ్య సందుల్ని గది లోపలి నుంచి పాత గుడ్డపేలికలతో గానీ వెడల్పాటి టేపుతో గానీ మూయించండి. మూయడం లోపలి వైపు మాత్రమే. బయట చూరు దగ్గర అవి వచ్చిపోయే కన్నాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. బయటి దారి మూస్తే ఈగలు చచ్చిపోతాయని అందరూ అనుకుంటారు. అవి చావవు, ఇంకో దారి వెతుక్కుంటాయి. ఆ దారి చాలాసార్లు ఇంట్లోకే ఉంటుంది. ఒక ఊళ్లో ఇలాగే సిమెంటు పూసేస్తే మర్నాడు వంటగది గూట్లోంచి గుంపుగా బయటపడ్డాయి.

ఇక ఇవి ఏ ఈగలన్న సంగతి. మన వైపు జనం అన్నింటినీ తేనెటీగలే అంటారు గానీ, ఏ రకమన్న దాన్ని బట్టి చేయాల్సిన పని మారిపోతుంది. మీరు పంపిన ఫొటోలో ఉన్నది సెంటీమీటరు పొడవున్న ఈగ, పొట్ట మీద నలుపూ పసుపూ చారలు. చీకటి ఉన్న చోట, కన్నం లోపల గూడు పెట్టింది. ఇది పుట్ట తేనెటీగ, పుస్తకాల్లో ఎపిస్ సెరానా ఇండికా అంటారు. చెట్టు తొర్ర, పాడుబడ్డ పుట్ట, గోడ బోలు, వాడని కరెంటు మీటరు పెట్టె, చివరికి తిరగేసి పెట్టిన కుండ, ఏదైనా సరే దానికి ఇల్లే. ఒకదాని పక్కన ఒకటిగా, తలుపు రెక్కలు వేలాడదీసినట్టు అయిదు నుంచి ఎనిమిది దాకా పెరలు, అంటే మైనపు పలకలు, కడుతుంది. స్వభావం మొత్తమ్మీద సాధువు. పెట్టెల్లో పెంచే మన దేశవాళీ ఈగ ఇదే.

అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్ కింద, నీళ్ల ట్యాంకు కింద ఒకే ఒక్క పెద్ద పట్టు, నల్లగా, ఒక్కోసారి మీటరు వెడల్పున వేలాడుతుందే, అది కొండ తేనెటీగ. దాని జోలికి సొంతంగా ఎవరూ పోకూడదు, నేనూ ఒంటరిగా పోను. లేచిందంటే వందలకొద్దీ లేస్తుంది, చాలాదూరం తరుముతుంది, వెన్నెల రాత్రుల్లో కూడా ఎగురుతుంది. పేపర్లో తేనెటీగల దాడి అని చదివే వార్తల్లో ఎక్కువ భాగం దీని గురించే. మీది అది కాదు. గోరింటాకు కొమ్మకో, నిమ్మచెట్టుకో అరచేతంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ కూడా కాదు. కందిరీగలా అని మీకో అనుమానం ఉంది కదా, కందిరీగ గూడు కాగితంలా బూడిదరంగులో ఉంటుంది, అందులో తేనె ఉండదు, కాబట్టి సీలింగుకి మరక పడదు. ఏప్రిల్లో వాన లేకుండా పడిన మరక తేనె మరకే అయ్యుంటుంది. సందేహం ఉంటే తడిగుడ్డతో ఒకసారి తుడిపించి మర్నాడు చూడమనండి, చీమలు బారు కడితే తేనే.

మీ అమ్మగారు పైన పాము బుస వినిపిస్తోందన్నారని రాశారు. ఆ మాట చదవగానే నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. గోడ మీద తట్టినా, పైన పిల్లి నడిచినా ఈ పుట్ట తేనెటీగలు అన్నీ కలిసి ఒక్కసారిగా 'హుస్స్' మని చప్పుడు చేసి ఆగిపోతాయి. శత్రువుని బెదిరించే పద్ధతి అది. నన్ను పాము పేరు చెప్పి పిలిచిన ఇళ్లు మూడున్నాయి. ఈ చప్పుడు మనకి పనికొస్తుంది కూడా. గదిలో బల్ల ఎక్కి సీలింగుకి స్టీలు గ్లాసు బోర్లించి, దాని అడుగున చెవి ఆనించి, పక్కన వేలితో మెల్లగా కొడుతూ పోతే పట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చప్పుడును బట్టి తెలుస్తుంది. కన్నం చూరు దగ్గరున్నంత మాత్రాన పట్టు అక్కడే ఉండదు. వాసాల మధ్య నాలుగైదు అడుగులు లోపలికి కూడా పోయి ఉండొచ్చు. ఎన్ని పెంకులు ఎత్తాలో తేలేది ఇలాగే.

ఇప్పుడు మందు ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఈ విషయం నేను చదివి నేర్చుకోలేదు, ఒకళ్లింట్లో పాడుచేసి నేర్చుకున్నాను. నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు, రాజమండ్రి అవతల ఒక పెంకుటింట్లో ఇలాంటి పిలుపే వచ్చింది. అప్పటికి నాకు పొగపెట్టడం వచ్చు, అదే పెద్ద విద్య అనుకునేవాణ్ణి. బాగా పొగపెట్టాను, ఈగలన్నీ లేచి ఎదురుగా ఉన్న చింతచెట్టు కొమ్మకు చేరాయి, సాయంత్రానికి అక్కణ్ణుంచీ వెళ్లిపోయాయి. ఇంటివాళ్లు భోజనం పెట్టి, బట్టలు పెట్టి పంపారు. పైన ఉన్న పట్టు సంగతి నేనూ అడగలేదు, వాళ్లూ అడగలేదు. మే నెల రెండో వారంలో కబురొచ్చింది. ఈగలు ఉన్నప్పుడు పట్టుకి రెక్కలతో విసురుతూ ఉంటాయి, నీళ్లు తెచ్చి చల్లి చల్లబరుస్తాయి. ఎండాకాలంలో ఊరంతా మండుతున్నా పిల్లలున్న పెర వేడి 35 డిగ్రీల దగ్గరే నిలబెడతాయి. అవి పోయాక విసిరేవాళ్లు లేరు. పెంకుల కింద వేడికి మైనం మెత్తబడింది, పెరలు వాటి బరువుకి అవే జారి పడ్డాయి, తేనె మొత్తం సీలింగులోంచి కింద మంచం మీద, మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న పట్టుచీరల మీద కారింది. దానికి తోడు పెరల్లో ఉన్న పిల్ల పురుగుల్ని చూసేవాళ్లు లేక అవి కుళ్లి ఎలకలు చచ్చిన కంపు. గండుచీమలు, బొద్దింకలు, మైనపు పురుగులు. ఆ బట్టలు పెట్టిన ఇల్లాలి ముఖం ఇప్పటికీ గుర్తుంది. సీలింగు చెక్కలు విప్పించి, కడిగించి, మళ్లీ బిగించిన ఖర్చు నేనే పెట్టుకున్నాను.

అందుకే ఎవరడిగినా మొదట అడిగే మాట ఒకటే: పట్టు ఎవరు తీస్తారు? మందు కొట్టేవాళ్లని మీరు కూడా అదే అడిగి చూడండి. అది మా పని కాదండీ అంటారు. పొగతో తరిమితే పట్టు ఖాళీగా మిగులుతుంది, మందు కొడితే అంతకంటే అధ్వాన్నం. కొన్ని వేల ఈగలు లోపలే చచ్చి గుట్టపడతాయి, పెరల్లో మూతలేసిన చిన్న గదుల్లో ఉన్న ఈగ పిల్లలు ఆ తర్వాత మరో పది పన్నెండు రోజులు పుడుతూనే ఉంటాయి, తేనెకి విషం పడుతుంది. చుట్టుపక్కల ఏ పట్టు ఈగలైనా ఆ దిక్కులేని తేనెను దోచుకుపోవడానికి వస్తాయి, విషం వాటి గూటికీ చేరుతుంది. కాగడా గురించి చెప్పాలంటే, వందేళ్ల నాటి టేకు వాసాలు, ఎండిన రీపర్లు, వాటి మధ్య పిచ్చుక గూళ్ల గడ్డి, పైగా మైనం. మైనంతో కొవ్వొత్తులు చేస్తారని పక్కింటాయనకి గుర్తుచేయండి.

కొన్నాళ్లు ఆగితే వాటంతటవే పోతాయా అని అడిగారు. మెట్ట ప్రాంతంలో అయితే ఒక్కోసారి పోతాయి. పువ్వు దొరకని కాలంలో, లేదా చీమలు, మైనపు పురుగు మరీ పీడిస్తే పుట్ట తేనెటీగ పట్టు వదిలేసి వలసపోవడం మామూలే, పెట్టెల్లో పెంచే మాకు దానితోనే పెద్ద తలనొప్పి. మీ కోనసీమలో ఆ ఆశ తక్కువ. కొబ్బరిచెట్టు సుమారు నెలకో గెల చొప్పున ఏడాది పొడవునా పూస్తుంది, పుప్పొడికి లోటుండదు. తిండి ఇంటి ముందే ఉంటే అవి ఎక్కడికి పోతాయి? ఒకవేళ పోయినా పట్టు మీకే మిగులుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అసలు ఉండనిస్తే ఏం అని కూడా ఒక ప్రశ్న ఉంది, నా వరకు అది న్యాయమైన ప్రశ్నే. కాశ్మీరు, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో పాత ఇళ్లు కట్టేటప్పుడే గోడలో ఈగలకి గూడు వదిలి కట్టేవాళ్లు, బయటికి కన్నం, లోపలి వైపు చెక్క తలుపు. కావాల్సినప్పుడు గదిలోంచే తలుపు తీసి తేనె కోసుకునేవాళ్లు. అవీ మన పుట్ట తేనెటీగలే. మీది మనుషులు తిరగని కొట్టుగది అయి, కన్నం వీధి వైపు కాకుండా ఉండి, సీలింగు గట్టిదై ఉంటే వదిలెయ్యమనే చెప్పేవాణ్ణి. మరక పడిందంటే ఇప్పటికే పెర ఒకటి సీలింగుకి ఆనుకుందనో, విరిగిందనో అర్థం. వయసు మళ్లిన మనిషి ఒంటరిగా ఉన్నారు. ఇంకో నెలా నెలన్నరలో రోహిణి కార్తె. కాబట్టి తీయించాల్సిందే, అదీ ఈ నెలలోనే. ఇంట్లో తేనెపట్టు పెడితే అరిష్టమని, శాంతి చేయించాలని ఎవరో అన్నారట. ఆ శాస్త్రం నాకు తెలియదు, చేయిస్తే పట్టు తీశాక చేయించుకోండి, హోమం పొగ వాటికి ముందే తగిలితే ఇబ్బంది.

తీయడం అంటే చంపడం కాదు, పెట్టెలోకి మార్చడం. తేనెటీగలు పెంచేవాడికి మీ ఇంటి మీద ఉన్నది ఖాళీ పెట్టెకి దొరికిన కుటుంబం, అందుకే చాలామంది కూలి తక్కువే అడుగుతారు. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన ఒక మాట చెప్పేవారు. 1991-92 లో దక్షిణాదికి థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ వచ్చినప్పుడు ఆయన పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి, పురుగు దశలోనే పిల్లలు నీళ్ల సంచుల్లా అయి చచ్చిపోయేవి. తర్వాత మళ్లీ పెంపకం మొదలుపెట్టడానికి ఆయనకి ఈగలు దొరికింది తాటితొర్రల్లో, పాడుబడ్డ ఇళ్ల గోడల్లో. తట్టుకుని బతికినవి అవే మరి.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే మీరు పిలిచిన మనిషికి చేతనవునో కాదో మీకే అర్థమవుతుంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. ఇది చదివి మీరే ఎక్కమని కాదు.

పెంకుల మీదికి ఎక్కేది పెంకులు నేసే మనిషి, ఈగల మనిషి కాదు. ఈ ఒక్క ముక్క పట్టించుకోక నడుములు విరగ్గొట్టుకున్నవాళ్లున్నారు. పాత వాసం మీద అడుగు ఎక్కడ వెయ్యాలో అతనికే తెలుసు. ఎలాగూ వర్షాలకి ముందు పెంకులు సర్దించుకుంటారు కదా, ఆ రోజే ఈ పని పెట్టుకుంటే కూలీ కలిసొస్తుంది. అతనికి కూడా ముఖానికి జాలీ టోపీ, పొడుగు చేతుల లేతరంగు చొక్కా ఇవ్వాలి. నల్లబట్ట, ఉన్ని, ఘాటైన సెంటు ఈగలకి పడవు. వేళ విషయంలో నేను మధ్యాహ్నం మూడున్నర నాలుగు మధ్య మొదలుపెడతాను. మేతకి పోయే ఈగలు చాలా భాగం బయట ఉంటాయి, లోపల రద్దీ తక్కువ, పని అయ్యేసరికి పొద్దు వాలుతుంది, బయటివన్నీ ఇంటికి చేరతాయి. రాత్రిపూట చేస్తామనేవాళ్లని నమ్మకండి. చీకట్లో ఈగ ఎగరదు, ఒంటి మీద పాకుతుంది, చొక్కాలో దూరుతుంది.

పొగకి కొబ్బరి పీచు చాలు, మీకు కొదవ లేదు. పొగ చేతి మీద ఊదుకుంటే చల్లగా తగలాలి, సెగ తగలకూడదు. కుట్టిన ఈగ ముల్లు దగ్గర్నుంచి పండిన అరటిపండు లాంటి ఒక వాసన వస్తుంది, మిగతావాటికి అదే పిలుపు. పొగ ఆ వాసనను కప్పేస్తుంది. పుట్ట తేనెటీగకి రెండు మూడు ఊదులు చాలు, ఎక్కువైతే బెదిరి పెర మీద నిలవకుండా పరుగులు పెడతాయి, రాణి కూడా ఎటో నక్కుతుంది. కొత్తగా నేర్చినవాడు పొగతో ఊరంతా నింపుతాడు, అది చూసి చెప్పొచ్చు. పక్కన రెండు బిందెల నీళ్లు ఉండి తీరాలి.

పెంకులు ఎత్తాక పెరలు కనబడతాయి. ఒక్కో పెరలో పై భాగం తేనె, కింద పుప్పొడి, ఆ కింద పిల్లలు. తేనె మూతలు తెల్లగా ఉంటాయి, పిల్లల గదుల మూతలు బిస్కెట్ రంగులో కొంచెం ఉబ్బి ఉంటాయి. పక్క నుంచి మొదలుపెట్టి ఒక్కో పెరను పైన అతికిన చోట పలచటి కత్తితో కోసి, ఈగల్ని మెత్తటి కుంచెతో పెట్టెలోకి దులపాలి. పిల్లలున్న ముక్కను పెట్టెలో వేలాడదీసే చెక్క చట్రం, అంటే ఫ్రేము, కొలతకి కోసి, ఫ్రేములో ఇరికించి, అరటి నారతో రెండు చుట్లు కట్టాలి. దారం కంటే అరటి నార మేలు. రెండు మూడు రోజుల్లో ఈగలు మైనంతో పెరని ఫ్రేముకి అతికించేసుకుంటాయి, నారని కొరికి పోగులు పోగులుగా బయట పారేస్తాయి. పెట్టె గుమ్మం ముందు ఆ పోగులు కనబడితే సంసారం కుదిరిందని లెక్క. ముక్కను తలకిందులుగా కట్టకూడదు. గదులు కాస్త పైకి వాలి ఉంటాయి, తిరగేస్తే లోపలున్న పల్చటి తేనె కారిపోతుంది. తేనె పెరల్ని పెట్టెలో పెట్టకూడదు, బరువుకి తెగి ఈగల్ని ముంచేస్తాయి, చీమల్ని పిలుస్తాయి. అవి మూతున్న స్టీలు గిన్నెలోకి, వెంటనే. గిన్నె తెరిచి పెట్టారంటే పావుగంటలో వీధిలో ఉన్న ఈగలన్నీ మీ ఇంట్లోనే.

మొత్తం పనిలో అసలు చిక్కు రాణి దగ్గరే. మిగతావాటికంటే పొడుగ్గా, కాఫీరంగులో, తొందరపడకుండా నడుస్తుంది. కనబడితే చిన్న పంజరంలో పెట్టి పెట్టెలో వేలాడదీస్తే సగం గెలిచినట్టే. చాలాసార్లు కనబడదు. అప్పుడు పెరలన్నీ తీశాక ఈగలు ఏదో ఒక మూల వాసానికి గుత్తిగా వేలాడతాయి, మగ్గుతో తేనె ముంచినట్టు ఆ గుత్తిని ముంచి పెట్టెలో పోయాలి, రాణి దాదాపు అందులోనే ఉంటుంది. ఉందో లేదో ఈగలే చెబుతాయి. పెట్టె గుమ్మం దగ్గర కొన్ని తల లోపలికి పెట్టి, తోక పైకెత్తి రెక్కలు విసురుతుంటే రాణి లోపలుందన్నమాట. ఆ వాసనకి మిగతావి బారులు తీరి లోపలికి నడుస్తాయి. ఇన్నేళ్లయినా నేను పని ఆపి చూసే దృశ్యం అదొక్కటే. అవి పెట్టెలోంచి మళ్లీ పెంకుల కిందికే పోతుంటే రాణి పైనే మిగిలిపోయింది, దిగిన నిచ్చెన మళ్లీ ఎక్కాలి.

పెట్టెను వాటి పాత కన్నానికి వీలైనంత దగ్గరగా పెట్టి చీకటి పడేదాకా వదిలెయ్యాలి. రాత్రి ఎనిమిదింటికి గుమ్మం మూసి తీసుకుపోవాలి. ఎంత దూరం అన్నది ముఖ్యం. మూడు కిలోమీటర్లకి తక్కువైతే మేతకి పోయే ఈగలు దారి గుర్తుపట్టి మీ చూరుకే తిరిగొస్తాయి. మీ దొడ్లోనే కొబ్బరిచెట్టు కింద పెట్టుకుంటామని అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ ముందు రెండు మూడు వారాలు దూరంగా ఉంచి, తర్వాత తెచ్చుకోవాలి. కొత్త పెట్టెలో మొదటి వారం గుమ్మానికి రాణి గేటు బిగించాలి, కూలీ ఈగలు పడతాయి, రాణి పట్టదు. రాణి లేకుండా అవి వలసపోలేవు. సాయంత్రం పూట పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం ఒక గ్లాసు లోపల పెట్టాలి. స్టాండు కాళ్ల కింద కొబ్బరిచిప్పల్లో నీళ్లు, చీమలకి.

పెట్టె వెళ్లిపోయాక మీ ఇంటి పని మొదలవుతుంది. మైనం అంటిన ప్రతి వాసాన్నీ గీకించండి, సబ్బునీళ్లతో తుడిపించి, ఆరాక గట్టిగా సున్నం కొట్టించండి. మరక పడిన సీలింగు చెక్క విప్పి రెండో వైపు కూడా కడగాలి. మైనం వాసన మనకి తెలియకపోయినా ఈగలకి ఏళ్ల తరబడి తెలుస్తుంది. వచ్చే మామిడి పూతకి ఇంకో గుంపు చోటు వెతుక్కుంటూ బయల్దేరినప్పుడు ముందు అవే వాసాలు వెతుక్కుంటూ వస్తుంది. ఆ తర్వాతే చూరు కన్నాలు మూయాలి. పెంకుటిల్లు గాలాడకపోతే చెక్క పాడవుతుంది కాబట్టి సిమెంటు కాకుండా దోమల జాలీ, ఇనుపది, మేకులతో కొట్టించండి. పెన్సిలు పట్టేంత సందు కూడా వదలకూడదు, పుట్ట తేనెటీగకి అది సింహద్వారం.

ఇదే సంగతి డాబా ఇంట్లో, రెండు గోడల మధ్యో శ్లాబు బోలులోనో అయితే పద్ధతి వేరు. పగలగొట్టడం కుదరకపోతే కన్నానికి జాలీతో గరాటులాంటిది బిగిస్తారు, బయటికొచ్చిన ఈగ లోపలికి పోలేదు, పక్కన పెట్టిన పెట్టెలో చేరుతుంది. నెల పైనే పడుతుంది, రాణి సాధారణంగా లోపలే ఉండిపోతుంది, పట్టు కూడా. నాకు ఆ పద్ధతి ఇష్టం లేదు, ఎత్తగలిగే పెంకులున్న మీకు దాని అవసరమూ లేదు. ఎవరికైనా ఈగలు వచ్చి వారం లోపే అయితే మాత్రం అదృష్టవంతులు. అప్పటికి పిల్లలు పెద్దగా ఉండవు, పెరలు తెల్లగా అరచేతంతే ఉంటాయి, కొంచెం వేపాకు పొగకే లేచిపోతాయి. కాళ్లకి పసుపుపచ్చ పుప్పొడి ముద్దలతో లోపలికి పోతున్నాయా అన్నది గుర్తు. పుప్పొడి మోస్తున్నాయంటే లోపల పిల్లల్ని పెంచుతున్నాయి, కాపురం పెట్టేసినట్టే.

తేనె తినొచ్చా అని చివర్న అడిగారు. ఇప్పటిదాకా ఎవరూ ఏ మందూ కొట్టకపోతే హాయిగా తినండి. ఒక్క హిట్ స్ప్రే కొట్టినా పారేయండి, పారేయడమంటే మట్టిలో పాతిపెట్టాలి, పెరట్లో గిరాటెయ్యడం కాదు. తెల్ల మూతలున్న పెరలే తీసుకుని, పిండకుండా ముక్కలు కోసి జల్లెడలో వేస్తే రాత్రికి దానంతటదే దిగుతుంది. పిండితే పురుగులు, పుప్పొడి కలిసి నాలుగు రోజుల్లో పులుస్తుంది. ఇళ్లలో నేను తీసినవాటిలో రెండు మూడు కిలోలు వచ్చినవే ఎక్కువ, కాబట్టి డబ్బాలు కొనిపెట్టుకోకండి. ఏడాది నిండని పిల్లలకి మాత్రం ఏ తేనె అయినా నాకించకూడదు.

పని జరిగే రోజు అమ్మగారిని పక్క వీధిలో చుట్టాలింటికి పంపండి. ఆవో గేదో దొడ్లో కట్టి ఉంటే ముందే వదిలించండి, కట్టుకొయ్యకి ఉన్న పశువు పారిపోలేదు. ఎవరినైనా ఈగలు తరిమితే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని పరుగెత్తి తలుపులు మూసుకోవాలి, చెరువులోకి దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి. కుడితే ముల్లు ఎంత త్వరగా తీస్తే అంత మంచిది, గోటితో గీకేయండి, విషం సంచి ముల్లుతో పాటే ఉండి ఇంకా దించుతూనే ఉంటుంది. సున్నం, పసుపు, ఉల్లిపాయ రుద్దుతూ కూర్చోవద్దు. సబ్బుతో కడిగి ఐసు పెడితే చాలు. కుట్టిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు నాలుక వాయడం, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అది ఎలర్జీ, ఒక్క ఈగ కుట్టినా రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. అమ్మగారు బీపీకి వాడే మాత్రల చీటీ దగ్గర ఉంచుకోండి. బీటా బ్లాకర్ రకం మాత్రలు వేసుకునేవాళ్లకి ఆ ఇంజెక్షన్ అనుకున్నంత పనిచేయకపోవచ్చు, డాక్టరుకి ముందే తెలియాలి.

మనిషి కోసం ముందుగా మీ మండలం ఉద్యాన శాఖ అధికారిని అడగండి, తేనెటీగల పెట్టెలు తీసుకున్న రైతులెవరో వాళ్లకి తెలుస్తుంది. అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అక్కడా వాకబు చేయొచ్చు. ఖాదీ కమిషన్ వాళ్ల తేనెటీగల పెంపకం పథకం హనీ మిషన్ కింద శిక్షణ తీసుకున్నవాళ్లు మీ చుట్టుపక్కల ఉంటే ఇంకా మంచిది. మాట్లాడేటప్పుడు ఫ్రేములు, పెట్టె వెంట తెస్తావా, పెరలన్నీ దించుతావా అని అడగండి. బకెట్టు ఒక్కటే తెస్తానన్నాడంటే అతను తేనె కోసమే వస్తున్నాడు.

రేపు పొద్దున ఎనిమిదింటికి అమ్మగారిని కన్నానికి పదిహేను అడుగుల దూరంలో, పక్కగా, ఈగల దారికి అడ్డం లేకుండా కుర్చీ వేసుకుని కూర్చోమనండి. ఒక్క నిమిషంలో ఎన్ని లోపలికి పోతున్నాయో, వాటిలో ఎన్నింటి కాళ్లకి పుప్పొడి ఉందో లెక్కపెట్టి చెప్పమనండి. ఎన్ని ఫ్రేములు కట్టుకుని బయల్దేరాలో వచ్చే మనిషికి ఆ లెక్కే చెబుతుంది.